కొత్తవాళ్ల తోలు పనిముట్ల కిట్: ఏది నూరుకోవాలి, ఏది మార్చుకోవాలి

తోలు పని నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం అన్నీ ఒకే సంచిలో సర్ది అమ్మే కిట్ గురించి రాస్తున్నాను. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఇవే పనిముట్లు, ఇవే చెక్క పిడులు, ఇదే గుడ్డ సంచి రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి కాబట్టి పేరు కంటే లోపల ఏముందో చెప్పడమే ఉపయోగం. ఈ కిట్‌తో కార్డు పర్సులు, బెల్టులు, నోట్‌బుక్ కవర్లు, వాచీ పట్టీలు కుట్టాను. సంచి విప్పిన రోజు కలిగిన అభిప్రాయం కాదిది. పిడుల మీద నా చేతి మరకలు పడ్డాక ఏర్పడినది.

కొనొచ్చా అంటే కొనొచ్చు. అయితే సంచిలోంచి తీసి నేరుగా తోలు మీద పెట్టకండి. ఇందులోని ఉక్కు మంచిదే. తయారీలో చివరి మెరుగు పెట్టకుండానే సంచిలో వేసేశారు, అంతే. ఆ మిగిలిన పని కాస్త ఉప్పు కాగితం, కాస్త ఓపిక ఉంటే మనమే చేసుకోవచ్చు. తోలు, దారం, సూదుల సంగతి వేరు. అవి నాసిరకం అయితే ఏం చేసినా బాగుపడవు, వాటిని మార్చుకోవాల్సిందే.

ఇలాంటి కిట్ల ప్రకటనల్లో ముక్కల సంఖ్యను పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాన్ని చూసి కొనవద్దు. అర్మేనియాలోని అరేని గుహలో 2008లో ఒక తోలు బూటు దొరికింది, దాదాపు 5500 ఏళ్ల నాటిది. ఒకే ఆవు తోలు ముక్కను పాదం చుట్టూ మడిచి, బెజ్జాల్లోంచి తోలు తాడు లాగి బిగించారు. కోయడానికి ఒకటి, బెజ్జం పెట్టడానికి ఒకటి ఉంటే తోలు పని మొదలుపెట్టవచ్చు. కిట్‌ని కూడా నేను ముందు ఈ రెండింటితోనే తూస్తాను.

బెజ్జాల దగ్గర మొదలుపెడతాను. ఈ కిట్‌లో నన్ను ఎక్కువగా మెప్పించినవీ, మొదట్లో ఎక్కువగా విసిగించినవీ స్టిచింగ్ చిజెల్సే. డైమండ్ ఆకారపు పళ్లున్న ఉలులు ఇవి. ఒక పన్నుది, రెండు, నాలుగు, ఆరు పళ్లవి, మొత్తం నాలుగు వస్తాయి. పన్నుకీ పన్నుకీ మధ్య 4 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూశాను, దూరాలన్నీ సమానంగా ఉన్నాయి, పళ్ల పొడవులూ సమానమే. ఇది చాలా ముఖ్యం. దూరం తేడాగా ఉన్న ఉలిని బాగుచేసే దారి మనకు లేదు, దాంతో పెట్టిన బెజ్జాల్లో ఎంత నేర్పుగా కుట్టినా కుట్టు వంకరగానే కనిపిస్తుంది. విసిగించింది పళ్ల పక్కభాగాలు. మిషన్ గీతలు అలాగే వదిలేశారు. కొడితే దిగుతుంది, లాగితే రాదు. అటూ ఇటూ ఊపి లాగితే బెజ్జం సాగిపోతుంది, ఒక్కోసారి పన్నే వంగుతుంది.

దీనికి మందు సులువే. 400 నంబరు ఉప్పు కాగితాన్ని సన్నటి అట్టముక్కకు చుట్టి, ఒక్కో పన్ను పక్కలనీ మొన వైపు నుంచి పైకి ఒకే దిశలో రుద్దాలి. గీతలు కనిపించకుండా పోయాక 1000 నంబరుతో, ఆ తర్వాత ఆకుపచ్చ పాలిష్ ముద్ద (క్రోమియం ఆక్సైడ్ ఉండేది) పూసిన దారాన్ని పళ్ల మధ్యలోంచి లాగుతూ మెరుగు పెట్టాలి. మొనను నూరకండి, పక్కలను నున్నగా చేస్తే చాలు. కొట్టే ముందు పళ్లను తేనెమైనం గడ్డలో ఒకసారి గుచ్చి తీస్తే ఇంకా హాయిగా వస్తాయి. లాగేటప్పుడు రెండో చేత్తో తోలును ఉలికి పక్కనే అదిమిపట్టి నిటారుగా లాగాలి. ఇలా మెరుగుపెట్టిన తర్వాత ఈ ఉలుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఒక మాట మాత్రం ముందే తెలియాలి. 4 మిల్లీమీటర్ల దూరం అంటే అంగుళానికి ఆరు కుట్లు, కాస్త పైన. బెల్టుకీ, సంచికీ అది అందంగా ఉంటుంది. పల్చటి కార్డు పర్సు మీద మోటుగా కనిపిస్తుంది. పర్సులే మీ ఇష్టం అయితే తర్వాత ఎప్పుడైనా 3 లేదా 3.38 మిల్లీమీటర్ల ఉలి ఒకటి విడిగా తీసుకోండి. 3.38, 3.85 లాంటి అంకెలు చూసి చాలామంది తికమకపడతారు. అవి పాత ఫ్రెంచి అంగుళం నుంచి వచ్చిన కొలతలు. ఆ అంగుళం 27.07 మిల్లీమీటర్లు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే 3.38, ఏడుతో భాగిస్తే ఇంచుమించు 3.85 వస్తుంది. జీను కుట్టేవాళ్ల లెక్క ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

ఉలిని కొట్టడానికి ఇచ్చిన రబ్బరు సుత్తి నాకు నచ్చలేదు. దెబ్బ వేస్తే ఎగిరి వెనక్కి వస్తుంది, సగం బలం గాల్లోనే పోతుంది. అలాగని ఇంట్లో ఉన్న ఇనుప సుత్తి ఎత్తకండి, ఉలి తల పూవులా విచ్చుకుంటుంది. నైలాన్ తల ఉన్న మ్యాలెట్, అరకిలోకి అటూ ఇటూ బరువున్నది తీసుకుంటే రెండు మూడు దెబ్బల్లో పని అవుతుంది. కింద పెట్టుకోవడానికి కిట్‌లో ఏమీ ఇవ్వలేదు. కోత పెట్టుకునే మ్యాట్ మీద ఉలి కొడితే మ్యాట్ పాడవుతుంది, మొన కూడా మొద్దుబారుతుంది. మందపాటి తోలు ముక్క గానీ, వంటింట్లో పనికిరాకుండా పోయిన ప్లాస్టిక్ కటింగ్ బోర్డు గానీ చాలు.

తోలులో బెజ్జం పెట్టే మొనదేలిన పనిముట్టు, ఆరె సంగతికొద్దాం. డైమండ్ కోత ఉన్న ఆరె ఇచ్చారు, పిడి చేతిలో చక్కగా ఇముడుతుంది. మొన మాత్రం తోలును తోసుకుంటూ పోతుంది తప్ప కోయదు. మంచి ఆరె మొన దగ్గర నాలుగు అంచులూ పదునుగా ఉండి, తోలును కోసుకుంటూ వెళ్లాలి. నాలుగు చదును ముఖాలనూ 600, 1000, 2000 కాగితాల మీద వరసగా రుద్ది, తోలు పట్టీ మీద పాలిష్ ముద్దతో మెరిపించాను. ఇప్పుడు రెండు పొరల బెల్టు తోలులోంచి అరచేతి ఒత్తిడితోనే దిగుతోంది. చిజెల్స్ ఉండగా ఆరె ఎందుకు అనుకునేవాళ్లు మూడు పొరలు కలిపి కుట్టి చూడాలి. ఉలి కాస్త వాలినా వెనకవైపు బెజ్జాల వరస పక్కకు పోతుంది. పైపొర మీద ఉలితో గుర్తులు పెట్టుకుని, లోపలికి ఆరెతో తెరుచుకుంటే వెనక గీత కూడా ముందు గీతలాగే తిన్నగా వస్తుంది.

కోసే కత్తి విషయంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బ్లేడు విరిచి మార్చుకునే మామూలు కత్తే, బాగానే తెగుతుంది. బ్లేడు మొద్దుబారిందన్న అనుమానం రాగానే విరిచేయండి. అంచును పల్చన చేసే స్కైవింగ్ కత్తి గురించి మాత్రం నాలాంటి ఎడమచేతి వాటం వాళ్లకు హెచ్చరిక. దీనికి ఒకవైపే పదును ఉంటుంది, అది కుడిచేతివాళ్ల కోసం పెట్టిన పదును. ఎడమచేత్తో పట్టుకుంటే తోలులోకి దిగబడిపోతుంది. ఎడమచేతి కోసం తయారుచేసినవి విడిగా దొరుకుతాయి. కిట్‌లో ఉన్నదాన్ని కుడిచేతి వాటం ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. అతను నూరుకుని సంతోషంగా వాడుకుంటున్నాడు.

ఇప్పుడు అంచుల దగ్గరికి. నా దృష్టిలో చేతిపనికీ మామూలు సరుకుకీ తేడా తెలిసేది ఇక్కడే. కిట్‌లో ఎడ్జ్ బెవెలర్ ఉంది, అంచు మూలను సన్నటి పోగులా గీసి గుండ్రం చేసేది. కొత్తలో ఇది తోలును కొరికినట్టు ముక్కలు ముక్కలుగా లేపుతుంది. గాడిలోపల పట్టేంత సన్నటి తాడుకు పాలిష్ ముద్ద పూసి అందులోంచి లాగి, కింది ముఖాన్ని 1000 కాగితం మీద చదునుగా రుద్దాక మూల తెగకుండా ఒకే పోగుగా లేవడం మొదలైంది. ఆ పోగు పొడవుగా చుట్టుకుంటూ వస్తుంటే చూడటం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టం. ఆ తర్వాత 220, 400, 600 కాగితాలతో వరసగా నునుపు చేసి, అంచును కాస్త తడిపి, గమ్ ట్రాగకాంత్ అనే చెట్టు జిగురు గానీ టోకోనోల్ అనే అంచు మెరుగు పూత గానీ పల్చగా రాసి, కిట్‌లోని చెక్క స్లిక్కర్‌తో వేగంగా రుద్దాలి. రాపిడికి వేడి పుట్టి పోగులు అణిగిపోతాయి, అంచు గాజులా మెరుస్తుంది. ఈ స్లిక్కర్ మాత్రం సంచిలోంచి తీసి అలాగే వాడేయవచ్చు. గట్టి చెక్క, గాడులు నున్నగా ఉన్నాయి.

అయితే అంచు అలా మెరవాలంటే తోలు సరైనది కావాలి. కిట్‌తో వచ్చిన తోలు ముక్కలతో ఎంత రుద్దినా మెరవదు. ప్యాకెట్ మీద జెన్యూయిన్ లెదర్ అని రాసి ఉంది. ఆ మాటకు అర్థం అది తోలే అని మాత్రమే, మంచి తోలు అని కాదు. చివర కోసి చూస్తే మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు పొర కనిపించింది. అది క్రోమ్ టాన్, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు గుర్తు. ఇంకో పరీక్ష కూడా ఉంది. రంగు గానీ పూత గానీ వేయని వెజ్ టాన్ (చెట్ల బెరడు, చెక్కలతో శుద్ధి చేసిన) తోలు మీద ఒక నీటి చుక్క వేస్తే లోపలికి ఇంకి అక్కడ రంగు ముదురుతుంది. ఈ ముక్కల మీద వేసిన చుక్క అలాగే నిలబడింది.

క్రోమ్ టాన్ చెడ్డదని నేను అనను. క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో శుద్ధి అవుతుంది, మెత్తగా ఉంటుంది, నీటికి తట్టుకుంటుంది. 1884లో అగస్టస్ షుల్ట్జ్ అనే ఆయన అమెరికాలో దీనికి పేటెంట్ తీసుకున్న తర్వాత అది పరిశ్రమగా పెరిగింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా ఎక్కువ భాగం ఇదే. బ్యాగులకీ, జాకెట్లకీ బాగుంటుంది. కానీ ఈ కిట్‌లో ఉన్న బెవెలర్, స్లిక్కర్, తోలు మీద అచ్చు కొట్టే స్టాంపులు, ఇవన్నీ వెజ్ టాన్ తోలు కోసం తయారైన పనిముట్లు. ఓక్, చెస్ట్‌నట్, మిమోసా లాంటి చెట్ల బెరడు, చెక్కల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలతో వారాలూ నెలలూ నానబెట్టి చేసే తోలు అది. తడిపితే మెత్తబడుతుంది, వేసిన అచ్చును నిలుపుకుంటుంది, అంచు మెరుస్తుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. క్రోమ్ టాన్ ఇవేమీ చేయదు. వెజ్ టాన్ పనిముట్లు ఇచ్చి క్రోమ్ టాన్ ముక్కలు ఇవ్వడం ఈ కిట్‌లో నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అంచు ఎంత రుద్దినా మెరవకపోతే తమ చేతిలో పనితనం లేదనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఆ తోలు అంతే.

కాబట్టి ఈ కిట్ తీసుకుంటే దాంతోపాటే వెజ్ టాన్ తోలు కొంత తీసుకోండి. మందం ఔన్సుల్లో చెబుతారు, ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, సుమారు 0.4 మిల్లీమీటర్లు. పర్సులకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు, బెల్టుకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు బాగుంటుంది. బెల్టు తోలు వీపు భాగంలోంచి కోసిందో లేదో అడగండి. పొట్ట భాగం చవకగా వస్తుంది కానీ సాగుతుంది. సాధన కోసం, లోపలి పొరల కోసం అది చాలు, నడుముకు కట్టుకునే పట్టీకి పనికిరాదు.

దారం, సూదులు. కిట్‌లో రంగురంగుల రీళ్లు చాలా వచ్చాయి, సంచిలో ముందుగా కళ్లకు కనిపించేవి అవే. మైనం పూసిన చదునైన పాలిస్టర్ దారం. చూపుకు బాగుంటుంది కానీ బిగించి లాగితే పోగులు విడిపోతాయి, మైనం మరీ ఎక్కువగా ఉండి లేత రంగు తోలుకు మరక అంటుకుంటుంది. సాధనకు వాడుకోండి. ఎవరికైనా ఇవ్వబోయే వస్తువుకు మాత్రం రిట్జా 25 లాంటి దారం వాడండి. జర్మనీలో తయారయ్యే ఆ దారాన్ని టైగర్ థ్రెడ్ అని కూడా అంటారు. పాలిస్టర్ పోగులను అల్లి చేసింది కాబట్టి విడిపోదు. 4 మిల్లీమీటర్ల బెజ్జాలకు 0.8 మిల్లీమీటర్ల మందం, 3 మిల్లీమీటర్ల బెజ్జాలకు 0.6 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. పాలిస్టర్ కాబట్టి చివరను లైటర్‌తో కాస్త కరిగించి అదిమితే ముడి అక్కర్లేదు.

సూదుల గురించి గట్టిగా చెబుతాను. కిట్‌లో ఇచ్చినవి వాడిమొన సూదులు. తోలు కుట్టే సూది మొన మొద్దుగా ఉండాలి. బెజ్జం ముందే పెట్టి ఉంది కదా, సూదికి గుచ్చే పని లేదు. ఒకే బెజ్జంలోంచి రెండు సూదులు ఎదురెదురుగా వెళ్లే కుట్టు ఇది. మొన వాడిగా ఉంటే ముందు వెళ్లిన దారాన్ని చీల్చుకుంటూ పోతుంది. అప్పుడు దారం ఇరుక్కుపోతుంది, వెనక్కి తీసి మళ్లీ కుట్టడం కూడా కుదరదు. జాన్ జేమ్స్ కంపెనీ హార్నెస్ సూదులు నాకు బాగా కుదిరాయి. వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 0.8 దారానికి 2 నంబరు, 0.6 దారానికి 4 నంబరు వాడుతున్నాను.

ఈ రెండు సూదుల కుట్టునే శాడిల్ స్టిచ్ అంటారు. దారం ఒక్కటే, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి బెజ్జంలోంచీ రెండు కొసలూ దాటుతాయి. కుట్టు మిషన్‌లో పైదారం కిందిదారం ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి కాబట్టి ఒకచోట తెగితే వరసగా ఊడటం మొదలవుతుంది. శాడిల్ స్టిచ్‌లో ఒక కుట్టు తెగినా రెండో కొస అక్కడే పట్టుకుని ఉంటుంది. చేత్తో కుట్టిన బెల్టు ఏళ్ల తరబడి నిలవడానికి కారణం ఇదే, ఇంత కష్టపడి చేత్తో కుట్టడానికి నాకున్న కారణమూ ఇదే. కుట్టాల్సిన పొడవుకు నాలుగింతలు దారం తీసుకుని, చేతికి పట్టుకోవడానికి కాస్త అదనంగా ఉంచుకోండి. ఏ సూది ముందు వెళ్లాలి, రెండో సూది దారానికి ఏ పక్కనుంచి రావాలి అన్నది మొదటి కుట్టులో ఎలా ఉంటే చివరి కుట్టుదాకా అలాగే ఉండాలి. వరస మారిన చోట కుట్టు ఏటవాలు పోయి చదునుగా పడుతుంది, దూరం నుంచే కనిపిస్తుంది.

కుట్టేటప్పుడు తోలును పట్టుకునే చెక్క బిగింపు, స్టిచింగ్ పోనీ, కిట్‌లోని మంచి ఆశ్చర్యం. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే ఈ కుట్టు సాగుతుంది, అందుకే అది ఇవ్వడం ఎంతో మేలు. దవడలకు మాత్రం ఏమీ అతికించలేదు, చెక్క అంచు వెజ్ టాన్ మీద గుర్తు వేస్తుంది. పైన నేను తిట్టిన ఆ క్రోమ్ టాన్ ముక్కలను లోపలివైపు అతికించాను. ఆ తోలుకు దొరికిన సరైన ఉపయోగం అదే.

గాడి తీసే గ్రూవర్ పనిచేస్తుంది, కానీ నేను వాడటం మానేశాను. దారం తోలులోకి దిగి ఉంటే రాపిడికి తెగదన్న మాట నిజమే, బెల్టులాంటి మందపాటి వాటికి సరే. 1 మిల్లీమీటరు తోలులో గాడి తీస్తే కుట్టు పట్టుకోవాల్సిన చోటే తోలు పల్చబడిపోతుంది. అంచు నుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో డివైడర్‌తో చిన్నగా గీత గీసుకుంటే చాలు. డివైడర్ కిట్‌లో లేదు, స్కూల్ జామెట్రీ బాక్సులోది సరిపోతుంది.

బటన్లు బిగించే సెట్టర్లు ఫరవాలేదు. గుండ్రటి బెజ్జాల పంచ్‌లు మొద్దు, నూరుకోవాలి.

స్టాంపుల దగ్గర ఒక జాగ్రత్త. వీటి మీద మెరిసే పూత పల్చగా ఉంది, నావాటిలో ఒకటి రెండు చోట్ల లేచిపోయి ఇనుము బయటపడింది. వెజ్ టాన్ తోలులో టానిన్ ఉంటుంది. తడి తోలుకు ఇనుము తగిలితే టానిన్‌తో కలిసి నీలి నలుపు మరక పడుతుంది, అది తుడిస్తే పోదు. పూత లేచిన స్టాంపును పక్కన పెట్టేయండి. తోలును తడిపిన వెంటనే అచ్చు కొట్టకండి, రంగు మళ్లీ దాదాపు మామూలుగా మారి, ముట్టుకుంటే చల్లగా ఉన్నప్పుడు కొడితే గుర్తు స్పష్టంగా నిలుస్తుంది.

చెక్కడం మీదే ఆసక్తి ఉండి, పూలూ లతలూ తోలు మీద తీర్చాలనుకునేవాళ్లకు ఈ కిట్ వద్దంటాను. ఇందులోని స్వివెల్ కత్తి, అంటే వంపుల వెంట వేళ్లతో తిప్పుతూ గీతలు కోసే చెక్కుడు కత్తి, తిరుగుడు బిగుసుకుపోయి ఉంది, నూనె వేసినా వంపుల దగ్గర పట్టేస్తుంది, బ్లేడు పొట్టిది. చెక్కే పనంతా ఆ ఒక్క కత్తి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి బేరింగ్ ఉన్న మంచి స్వివెల్ కత్తి ఒకటి, రెండు మూడు మంచి స్టాంపులు, ఒక ముక్క వెజ్ టాన్ విడివిడిగా తీసుకోండి. ఈ సంచిలోని చిజెల్స్‌తో మీకు ప్రస్తుతానికి పనే పడదు.